ఆదిలాబాద్ ఇంట్లో నేల వెచ్చగా ఉండాలంటే ఏది మేలు?

ఆదిలాబాద్‌లో మే నెలలో ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది. అదే ఊళ్లో డిసెంబర్, జనవరిలో తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు దిగుతుంది. మా అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే మంచం దిగి తాండూరు బండల మీద పాదం ఆనించగానే "అబ్బ, ఇగం బిడ్డా" అని మళ్లీ కాళ్లు పైకి తీసుకుంటుంది. కొత్త ఇల్లు కడుతున్నాం కదా, నేల కిందే హీటింగ్ వేయిద్దామా అన్న ఆలోచన అక్కడే పుట్టింది. నెల రోజులు దీని మీదే తిరిగాను.

మొదట చూసింది వేడినీళ్ల పైపుల పద్ధతి. నేల కింద 16 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపులు చుట్టలుగా పరిచి, పైన అయిదారు సెంటీమీటర్ల కాంక్రీట్ పోస్తారు. హీట్ పంప్‌తో (బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లకు ఎక్కించే యంత్రం) 35, 40 డిగ్రీల నీళ్లు తిప్పుతారు. చలి నెలల తరబడి వదలని దేశాల్లో ఇంతకన్నా హాయి లేదు. మనకు చిక్కు ఏమిటంటే, అంత కాంక్రీట్ వేడెక్కడానికి గంటలు పడుతుంది. తెల్లవారి అయిదింటికి వెచ్చగా ఉండాలంటే రాత్రే వేయాలి. తీరా తొమ్మిదయ్యేసరికి ఎండ వచ్చేస్తుంది, నేల మాత్రం మధ్యాహ్నం దాకా చల్లారదు.

అంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. వేడి కిందికి, మట్టిలోకి పోకుండా పైపుల కింద ఫోమ్ షీట్లు పరవాలి. గ్రౌండ్ ఫ్లోర్ ఇంట్లో వేసవి మధ్యాహ్నం ఉత్త నేల మీద పడుకుంటే ఒంటికి చల్లగా తగులుతుంది చూడండి, ఆ చలువ కింది మట్టి నుంచే వస్తుంది. షీట్లు వేస్తే ఆ దారి మూసినట్టే. రెండున్నర నెలల చలి కోసం నాలుగు నెలల చలువను పోగొట్టుకోవడం నాకు మనసొప్పలేదు. వేసవిలో అవే పైపుల్లో చల్లటి నీళ్లు తిప్పవచ్చు అంటారు. నిజమే, కానీ వానాకాలం తేమలో అలా చేస్తే నేల మీద చెమ్మ పట్టి ముసలివాళ్ల కాళ్లు జారతాయి.

రెండోది కరెంటు మ్యాట్. జాలీకి కుట్టిన సన్నని హీటింగ్ వైరు, టైల్ కింద జిగురులోనే ఇమిడిపోతుంది. చదరపు మీటరుకు సుమారు 150 వాట్లు. అరగంట నుంచి గంటలో పాదానికి వెచ్చదనం తెలుస్తుంది. పన్నెండు బై పన్నెండు గదిలో మంచం, బీరువా చోటు వదిలేసి ఎనిమిది చదరపు మీటర్లు వేస్తే 1200 వాట్లు. రోజుకు మూడు గంటలు వాడితే ఎక్కువలో ఎక్కువ 3.6 యూనిట్లు, 75 రోజులకు 270. యూనిట్ 8 రూపాయలు లెక్కేసుకున్నా సీజన్‌కు రెండు వేల పైచిలుకు. బిల్లు భయపెట్టేది కాదు.

భయపెట్టేవి వేరే ఉన్నాయి. మన ఇళ్లలో చుట్టాలు వస్తే నేల మీదే పరుపులు పరుస్తాం, చిన్నపిల్లలకు బొంత వేస్తాం. మ్యాట్ పైన పరుపు పడితే వేడి పైకి రాలేక కిందే పోగై వైరు దెబ్బతింటుంది. కాళ్లు లేని బీరువా పెట్టినా అంతే. మా బావ ఇంట్లో బాత్‌రూమ్‌కు వేయించినప్పుడు మేస్త్రీ తాపీ అంచు తగిలి వైరు తెగింది. టైల్స్ వేసి, సందులు పూడ్చి, స్విచ్ వేస్తే గానీ తెలియలేదు. మొత్తం పగలగొట్టి మళ్లీ వేశారు. టైల్స్ వేయకముందు ఒకసారి, వేశాక ఒకసారి మీటర్ పెట్టి రెసిస్టెన్స్ చూసి ఉంటే ఆ తిప్పలు తప్పేవి.

ఇక హాట్ అండ్ కోల్డ్ ఏసీ. ఒక యూనిట్ కరెంటుకు దాదాపు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది, పొదుపులో కరెంటు మ్యాట్ దీనికి సాటి రాదు. వేసవికి ఎలాగూ ఏసీ కొంటాం. కానీ వేడిగాలి పైకే పోతుంది, బండలు చల్లగానే ఉంటాయి. ఆయిల్ హీటర్‌కూ దాదాపు అదే లోపం, పైగా 2000 వాట్లు లాగుతుంది. కుంపటి మాట ఎత్తవద్దు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రాణం తీస్తుంది, దానికి వాసన కూడా ఉండదు.

చివరికి నాకు అర్థమైంది ఇది: అమ్మకు చలి పెడుతున్నది ఇల్లంతా కాదు, మంచం దిగే చోట, స్నానాల గదిలో. అందుకే ఆ రెండు చోట్లే, రెండేసి చదరపు మీటర్ల మ్యాట్. రెండూ కలిపి 600 వాట్లు. టైమర్ నాలుగున్నరకు. దీనికి విడిగా 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) తప్పనిసరి, తడి ఉండే చోట దీన్ని ఎవరు వద్దన్నా వినకండి. గదికి హాట్ అండ్ కోల్డ్ ఏసీ. హాల్లో ఏమీ లేదు, గొంగడి పరుస్తాం.

మ్యాట్ పరిచాక, టైల్స్ వేయకముందు, పక్కన టేపు పెట్టి ఫొటోలు తీసుకున్నాను. గోడ నుంచి వైరు ఎంత దూరంలో ఉందో వాటిలో కనిపిస్తుంది. రేపు తలుపు స్టాపర్ కోసం ఎవరైనా డ్రిల్ పట్టుకొస్తే ముందు ఆ ఫొటో చూపిస్తాను.