గోడ నెమ్ము: బండలు లేపాలా, రాత్రి నీళ్లు కొలవాలా?

"వంటింటి గోడ మొదట్ల నెమ్ము ఆరుతలేదన్నా, బండలు లేపమంటవా?" ఈ ఎండాకాలం ఈ మాట నన్ను నలుగురు అడిగారు. పోయినేడు మా నల్లగొండ ఇంట్లోనూ ఇదే తిప్పలు. మేస్త్రీ బండలు లేపుదామన్నాడు, నేను ఆపాను.

లేపితే కంటికి కనబడుతుంది, నిజమే. కానీ నెమ్ము తేలిన చోటే లీకు ఉండాలని లేదు. నీళ్లు బండల కింద ఇసుకలో పారి, సందు దొరికిన చోట పైకొస్తాయి. తప్పు చోట తవ్వితే కూలీ దండగ, ఆ రంగు బండ మళ్లీ దొరకదు.

నేను మూడు రాత్రులు కొలిచాను. మొదటి రాత్రి సంపు నింపి, మోటరు, నల్లా వాల్వు బంద్ చేసి, నీళ్ల అంచున బొగ్గుతో గీత గీశాను. ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న సంపులో అంగుళం దిగిందంటే 85 లీటర్లు పోయినట్టే. మాది దిగలేదు. రెండో రాత్రి పై ట్యాంకులోనూ గీత గీసి, ఇంట్లోకి నీళ్లు వదిలే దాని కింది గేటు వాల్వు కట్టేశాను, మట్టం కదలలేదు. మూడో రాత్రి ఆ వాల్వు తెరిచి, ఇంట్లో నల్లాలన్నీ, ఫ్లష్ ట్యాంకులకు పోయే నీళ్లతో సహా, కట్టేశాం. తెల్లారి ట్యాంకులో టార్చి వేసి చూస్తే మట్టం గీతకు నాలుగు వేళ్ల కింద ఉంది. ఇక అనుమానం లేదు, ఇంటి లోపలి పైపే. బాత్రూం వాల్వు ఒక్కటి కట్టి మళ్లీ చూస్తే దిగడం ఆగింది. వంటింటి నెమ్ముకు ఎనిమిదడుగుల దూరాన బాత్రూం పైపు ఎల్బో (మలుపు ముక్క) కారుతోంది. రెండే బండలు లేపాం.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం, నెమ్ము ఎప్పుడు పెరుగుతోందన్నది. ఏప్రిల్ ఎండల్లోనూ ఆరకపోతే వాన నీళ్లు కావు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వదిలిన పూటే పెరిగితే వీధి కనెక్షన్ చూడండి. మిర్యాలగూడ, హాలియా దిక్కు సాగర్ ఎడమ కాలువ పారినన్నాళ్లు పెరిగి, బంద్ అయ్యాక తగ్గితే అది భూమి ఊట. ఏ పైపు తవ్వినా దొరకదు. గోడ మీద తేదీ వేసి పెన్సిల్‌తో నెమ్ము అంచు గీయండి, ఎప్పుడు పెరుగుతోందో తెలిసిపోతుంది.

సంపు, పైపులు రెండూ గట్టిగా ఉంటే బాత్రూం జాలీలో రంగు నీళ్లు పోసి, ఆ రంగు నెమ్ములో తేలుతుందేమో చూడాలి. నీళ్లలో కరిగిన ఉప్పును కొలిచే టీడీఎస్ పెన్ను సగం సాయమే: ఊరిన నీళ్లకు తక్కువ చూపితే నల్లా నీళ్లని అనుమానించొచ్చు, ఎక్కువ చూపితే ఏమీ తేలదు, మట్టిలోని ఉప్పు కలుస్తుంది కాబట్టి. థర్మల్ కెమెరా వేడి, చల్లదనం తేడాను బట్టి తడి ఎక్కడుందో చూపిస్తుంది, అది మనకు ముందే తెలుసు.

ఎల్బో మార్చాక కూడా గోడ ఆరడానికి నాలుగు నెలలు పట్టింది. తెల్లటి ఉప్పు పొడి రాలడం ఆగేదాకా రంగు వేయనివ్వలేదు.