శీర్షికలన్నీ బొమ్మలే అయితే ఈబుక్ విషయసూచికకు ఏ పద్ధతి మేలు?

43 కథల సంపుటం ఒకదాన్ని ఈపబ్ అనే ఈబుక్ ఫైలుగా మార్చే పని పెట్టుకున్నాను. ప్రతి కథ పేరూ చిత్రకారుడు కుంచెతో రాసిందే. పేజీ తెరిస్తే ముచ్చటేస్తుంది. తీరా విషయసూచిక తయారుచేయమని ప్రోగ్రామ్‌కి చెబితే దానికి దొరికినవి రెండే పేర్లు: ముందుమాట, కృతజ్ఞతలు. అవి రెండే మామూలు టైపులో ఉన్నాయి మరి.

ఇందులో ప్రోగ్రామ్ తప్పేం లేదు. అది పుస్తకమంతా వెతికి, హెచ్1 నుంచి హెచ్6 దాకా ఉండే శీర్షిక ట్యాగుల్లోని (ఇది శీర్షిక, ఇది పేరా అని ఫైలులో పెట్టే గుర్తులు) అక్షరాలను ఏరుకుంటుంది. మన కంటికి కథ పేరు కనబడే చోట దానికి కనబడేది ఒక జేపెగ్ ఫైలు. ఇక్కడ విషయసూచిక అంటే పుస్తకం లోపలి ఇండెక్స్ పేజీ కాదు, ఈబుక్ చదివే రీడర్‌లో మెనూ నొక్కితే వచ్చే జాబితా. ఈపబ్ 2లో అది ఎన్‌సీఎక్స్ ఫైలులో ఉండేది, 2011లో వచ్చిన ఈపబ్ 3లో నావ్ ఫైలులో ఉంటుంది. ఆ జాబితా సరిగ్గా కుదిరితే లోపలి పేజీని క్యాలిబర్, సిజిల్ లాంటి ఈబుక్ తయారీ ప్రోగ్రాములు దాన్నుంచే తయారుచేసి ఇస్తాయి.

అందరికీ ముందు తోచేది చేత్తో చేయడమే. క్యాలిబర్ ఎడిటర్‌లో విషయసూచిక కిటికీ తెరిచి, ఒక్కో కథ మొదలయ్యే చోటు చూపించి, పేరు టైపు చేయాలి. పది అధ్యాయాల పుస్తకానికి, అదీ ఇక మార్పులేమీ ఉండవనుకుంటే, ఇది చాలు. నేనూ అలాగే మొదలుపెట్టి 43 పేర్లూ ఒక సాయంత్రం కూర్చుని ఎక్కించాను. మర్నాడు చూస్తే రెండు కథల వరుస తారుమారైంది. వరుస సరిచేశాక, అలవాటు కొద్దీ విషయసూచికను మళ్లీ తయారుచేసే బటన్ నొక్కాను. ముందుమాట, కృతజ్ఞతలు మిగిలాయి. చేత్తో ఎక్కించిన పేర్లు ఆ జాబితాలో తప్ప పుస్తకంలో ఇంకెక్కడా ఉండవన్నది అప్పుడు గానీ బుర్రకెక్కలేదు.

ప్రతి అధ్యాయమూ విడి ఫైలుగా ఉంటే క్యాలిబర్‌లో ఇంకో దారి ఉంది. ఫైలుకు ఒకటి చొప్పున ఎంట్రీలు తయారుచేయమనవచ్చు. చోట్లు చకచకా కుదురుతాయి. పేర్ల దగ్గరే చిక్కు. ఫైలు మొదట్లో ఏ అక్షరాలు కనిపిస్తే వాటినే పేరుగా తీసుకుంటుంది కాబట్టి, బొమ్మను దాటి కథలోని తొలి మాటలు జాబితాలోకి వచ్చి కూర్చుంటాయి. ఎలాగూ అన్నీ మళ్లీ దిద్దుకోవాల్సిందే.

నేను చివరికి స్థిరపడింది మూడో పద్ధతి మీద. బొమ్మను పేరా ట్యాగులోంచి తీసి శీర్షిక ట్యాగులో పెట్టి, ఆ శీర్షికకు టైటిల్ అనే ఆట్రిబ్యూట్ (ట్యాగు లోపలే రాసే అదనపు వివరం) తగిలించి అందులో కథ పేరు రాయడం. ట్యాగులో అక్షరాలేవీ లేకపోతే క్యాలిబర్ ఈ టైటిల్‌నే పేరుగా తీసుకుంటుంది. సిజిల్ కూడా దీన్ని గౌరవిస్తుంది. 43 పేర్లు టైపు చేసే శ్రమ ఇక్కడా తప్పదు. తేడా అల్లా ఎక్కడ టైపు చేస్తున్నామన్నదే. పేరు ఇప్పుడు కథతో పాటే ఉంటుంది. కథను వెనక్కి జరపండి, ఫైలును రెండుగా విడగొట్టండి, జాబితాను పదిసార్లు చెరిపి పదిసార్లు తయారుచేయండి, పేరు ఎక్కడికీ పోదు.

ఇది చేస్తున్నప్పుడే బొమ్మకు ఆల్ట్ (బొమ్మకు బదులుగా పనికొచ్చే మాటలు) కూడా రాసేయాలి. టైటిల్ జాబితా కోసం, ఆల్ట్ పాఠకుడి కోసం. చూపు లేనివారు స్క్రీన్ రీడర్‌తో చదువుతుంటే అది పలికేది ఆల్ట్‌నే. అందులో బొమ్మ మీద ఉన్న మాటలే ఉండాలి. ‘అందమైన అక్షరాలతో శీర్షిక’ అని రాసిన పుస్తకాలూ చూశాను. అది విన్నవారికి కథ పేరు మాత్రం తెలియదు.

ఆల్ట్‌లు ముందే చక్కగా రాసి ఉన్న పుస్తకం చేతికొస్తే అదృష్టమే. అప్పుడు శీర్షిక ట్యాగుల జోలికి పోకుండా క్యాలిబర్‌కు ఒక ఎక్స్‌పాత్ (ఏ ట్యాగులను ఏరాలో చెప్పే సూత్రం) ఇచ్చి, ఫలానా క్లాస్ (ఒకే రకం వాటికి పెట్టే గుర్తు పేరు) ఉన్న బొమ్మలను ఏరుకోమంటే ఆల్ట్‌లోని మాటలతో జాబితా తయారవుతుంది. కొత్తగా టైపు చేసేది సున్నా. శీర్షిక బొమ్మలకు విడిగా క్లాస్ లేకపోతే మాత్రం కథ మధ్యలో వేసిన బొమ్మలు కూడా జాబితాలోకి ఎగబాకుతాయి.

కొందరు చేసే కిటుకు ఒకటుంది. శీర్షికను మామూలు అక్షరాల్లో రాసి, స్టైల్‌తో (ఏది ఎలా కనబడాలో చెప్పే సూచనలతో) దాచేసి, దాని కింద బొమ్మ పెడతారు. ప్రోగ్రామ్‌కు అక్షరాలు దొరుకుతాయి, పాఠకుడికి బొమ్మ కనబడుతుంది. వినడానికి తెలివిగానే ఉంది గానీ నాకు నచ్చదు. పూర్తిగా దాచేసిన చోటికి కొన్ని రీడర్లు సరిగా దూకవు. స్టైల్‌ను పట్టించుకోని రీడర్‌లో ఒకే పేరు రెండుసార్లు కనబడుతుంది. పైగా అలా దాచిన అక్షరాలను స్క్రీన్ రీడర్ కూడా వదిలేస్తుంది.

ఇన్ని పాట్లు పడేముందు అడగాల్సిన ప్రశ్న అసలు బొమ్మ ఎందుకని. చేతిరాత అయితే సరే. ఏదో ఫాంట్‌తో టైపు చేసి బొమ్మగా సేవ్ చేసిందైతే దాన్ని తీసిపారేసి, ఫాంట్‌నే ఈపబ్‌లో చేర్చి అక్షరాలుగా రాయడమే అన్నిటికన్నా మేలు. పాఠకుడు అక్షరాలు పెద్దవి చేసుకుంటే శీర్షికా పెరుగుతుంది, వెతికితే దొరుకుతుంది, రాత్రి పూట నల్ల తెర మీద తెల్ల డబ్బాలా మెరవదు. ఫాంట్ లైసెన్స్ అందుకు ఒప్పుకుంటుందో లేదో ముందు చూసుకోవాలి. నా సంపుటంలో భాగాల పేర్లు నాలుగు ఇలాంటివే. వాటిని అక్షరాల్లోకి మార్చేశాను. కథల పేర్లను బొమ్మలుగానే ఉంచి టైటిల్, ఆల్ట్ రాశాను. బొమ్మల్లోని పేర్లను ఓసీఆర్‌తో చదివిద్దామనీ చూశాను గానీ, కుంచె రాతకు అది ఇచ్చింది దిద్దుకోవడం కన్నా నేరుగా టైపు చేయడమే తొందరగా అయింది.

ఏ పద్ధతిలో చేసినా చివర్లో రెండు వేర్వేరు రీడర్లలో తెరిచి ప్రతి పేరూ నొక్కి చూడాలి. ఈపబ్ ఫైలులో తప్పులు వెతికే ఈపబ్‌చెక్ తెగిపోయిన లింకును పట్టుకుంటుంది గానీ, జాబితాలోకి అసలు రాని కథ గురించి ఏమీ అనదు.

అంతా అయ్యాక రచయిత ఒక కథ పేరు మార్చమన్నారు. టైటిల్, ఆల్ట్ దిద్ది జాబితాను మళ్లీ తయారుచేయడానికి నిమిషం పట్టింది. కుంచెతో కొత్త పేరు రావడానికి వారం పట్టింది.