పెదవులు ముందా, కళ్ళు ముందా? లిప్‌సింక్ సీనుకి ఏ పద్ధతి మేలు

మా మామ్మ సూరత్‌లో ఉన్న మా బాబాయితో ఫోనులో రోజూ ఒకటే మాట అంటుంది: “బాగున్నాన్రా బాబూ. ఏటీ నేదు. నువ్వు బేగ రా.” మోకాళ్ళ నొప్పితో రాత్రంతా కన్ను మూయకపోయినా పొద్దున్న ఇదే మాట. ఒడిశాలోని మా గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్ళినవాళ్ళు చాలామంది. బరంపురంలో ఏ అరుగు మీద కాసేపు కూర్చున్నా ఇలాంటి ఫోను ఒకటి చెవిన పడుతుంది. యానిమేషన్ కోర్సు రెండో ఏడాదిలో “ఒక పాత్ర, ఒక మాట, లోపలి మనసు కనిపించాలి” అని లిప్‌సింక్ పని, అంటే రికార్డు చేసిన మాటకి బొమ్మ పెదవులు కలిపే పని, ఇచ్చినప్పుడు నేను వేరే డైలాగు వెతకలేదు.

అసలు గొంతు దగ్గరే మొదటి ఎంపిక. సినిమా డైలాగు ముక్కలు నెట్‌లో శుభ్రంగా దొరుకుతాయి, మా క్లాసులో ఎక్కువమంది అవే తీసుకున్నారు. శబ్దం వరకూ చూస్తే వాటిదే పైచెయ్యి. కానీ ఆ నటుడి ముఖం చూసేవాళ్ళందరికీ ముందే తెలుసు, మనం ఎంత చేసినా దానికి నకలుగానే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళ గొంతులో ఫ్యాను హోరు, కుక్కర్ కూత కలుస్తాయి, అయినా ఆ గొంతుకి ముఖం ఎలా ఉండాలో తేల్చేది మీరొక్కరే. మామ్మని అడిగి, ఫ్యాను ఆపి, ఆమె గడ్డానికి జానెడు దూరంలో ఫోను పట్టుకుని రికార్డు చేశాను. “ఏటే, నా మాట్లు బొమ్మలకి పనికొత్తాయేటి?” అంది. పనికొచ్చాయి.

ఆ ముక్క అయిదున్నర సెకన్లు. సెకనుకి 24 ఫ్రేముల (ఒక్కో ఫ్రేము ఒక్కో కదలని బొమ్మ) లెక్కన 132. మొదటి మాటకి 48, తర్వాత మౌనం 24, “ఏటీ నేదు”కి 24, మళ్ళీ చిన్న ఆగు 12, చివరి మాటకి 24. ఈ ఒక్క ముక్కనే మూడు పద్ధతుల్లో చేసి చూశాను. మూడూ బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లోనే, ఒకే బొమ్మ మీద. పోలిక సరిగ్గా ఉండాలంటే బొమ్మ మారకూడదు.

మొదటిది సాఫ్ట్‌వేర్‌కే వదిలెయ్యడం. రూబార్బ్ లిప్‌సింక్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది. ఆడియో ఫైలు ఇస్తే, ఏ క్షణానికి ఏ నోరు పెట్టాలో జాబితా రాసిస్తుంది. దాని దగ్గర ఉన్నవి ఆరు మూల ఆకారాలు, టీవీ కార్టూన్ల కోసం హన్నా-బార్బెరా స్టూడియోలో పుట్టినవి. వాటికి తోడు కావాలంటే వాడుకునేవి మరో మూడు. ‘ఎ’ అంటే మూసిన పెదవులు, ‘డి’ అంటే బాగా తెరిచిన నోరు, ‘ఎఫ్’ అంటే ముడిచిన మూతి, ‘ఎక్స్’ అంటే మాట లేనప్పటి నోరు. మామూలుగా నడిపితే అది ఇంగ్లీషు మాటల్ని వెతుకుతుంది. తెలుగుకి, ఇంకే భాషకైనా, ధ్వనుల్ని మాత్రమే చూసే రెండో రకం గుర్తింపు అందులోనే ఉంది, దాన్ని మనం విడిగా ఎంచుకోవాలి. నేను మొదటిసారి చూసుకోకుండా నడిపేసి “బాబూ” దగ్గర పెదవులు కలవలేదేంటని గంట కూర్చున్నాను. మార్చాక చాలావరకు దారిలో పడింది. సరిదిద్దుకోవడంతో కలిపి ఒక్క సాయంత్రం పని.

అంత తొందరగా అయిపోయేదాన్ని వద్దనడం ఎందుకు? పది నిమిషాల కథలో పక్కన నిలబడి మాట్లాడే మనుషులు ఏడుగురు ఉంటే ఇదే మేలు, నేనూ అదే వాడతాను. మామ్మ సీనుకి మాత్రం పనికిరాలేదు, ఎందుకో ఆ మొదటి మౌనం దగ్గర తెలిసింది. “బాబూ” తర్వాతి 24 ఫ్రేములకి జాబితాలో ‘ఎక్స్’ అని ఉంది. శబ్దం లేదు కాబట్టి నోరు ఊరికే ఉంది అన్నమాట. దాని లెక్క దానికి సరైనదే. కానీ ఆ సెకనులో మామ్మ ఊరికే లేదు. గుటక వేసింది. పెదవులు రెండూ లోపలికి లాక్కుంది. బొటనవేలితో స్టీలు గ్లాసు అంచుని ఒకే చోట రుద్దింది. అక్కడి నుంచి కళ్ళు ఫోను మీదికి కాకుండా గ్లాసులోకి పోయాయి, అప్పుడు అంది, “ఏటీ నేదు.” సీనంతా ఆ సెకనులోనే ఉంది.

రెండో పద్ధతి అక్షరాల పట్టీ. మాటని ధ్వనులుగా విడదీసి, ఎక్స్-షీటులో, అంటే ఫ్రేముకో గడి ఉండే పట్టికలో, ఒక్కో ఫ్రేము ఎదుట రాసుకుని, ఒక్కో ధ్వనికి ఒక్కో నోరు పెట్టడం. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇది ఒక్కసారైనా చెయ్యకపోతే లాభం లేదు, ఎందుకంటే చెవికి పదును పెట్టేది ఇదే. తెలుగువాళ్ళకి ఇందులో సగం పని చిన్నప్పుడే అయిపోయింది. మన వర్ణమాలే నోటి పటం. క వర్గం గొంతు దగ్గర, చ వర్గం అంగిట్లో, ట వర్గం నాలుక మడిచి, త వర్గం పళ్ళ దగ్గర, ప వర్గం పెదవుల మీద. బయటి నుంచి చూసేవాడికి క వర్గం దాదాపు కనిపించదు, దానికి విడిగా నోరు గీయక్కర్లేదు. ప, బ, మ మాత్రం ఎగ్గొట్టడానికి వీల్లేదు. మూసిన పెదవులు కనీసం రెండు ఫ్రేములు నిలబడాలి. ఒక్క ఫ్రేము అంటే సెకనులో 24వ వంతు, కంటికి ఆనదు. చోటు లేకపోతే ముందున్న అచ్చు నుంచి ఒక ఫ్రేము లాక్కోవాలి. “అమ్మ”లోలా ద్విత్వం వస్తే ఇంకో ఒకటి రెండు ఎక్కువ. పైగా పెదవులు శబ్దం కంటే ఒకటి రెండు ఫ్రేములు ముందే కలిస్తే చూడ్డానికి సరిగ్గా అనిపిస్తుంది.

ఇంగ్లీషు పట్టీల్ని ఉన్నవున్నట్టు తెచ్చుకోకూడదు. వాటిలో వ-కారానికి పై పళ్ళు కింది పెదవిని నొక్కుతాయి. మన “నువ్వు”లో వ అంత గట్టిది కాదు, ఉ-కారం వెంటే ఉండటంతో పెదవులు గుండ్రంగా దగ్గరికొస్తాయంతే. మా మామ్మకైతే పై వరసలో ముందు పళ్ళే లేవు. పళ్ళు కనిపించేలా గీసిన ఆకారాలన్నీ నేను పక్కన పెట్టి, పెదవి లోపలికి ముడుచుకునే నోళ్ళు కొత్తగా చేసుకోవాల్సి వచ్చింది. ఇదే మామ్మ కూరగాయల బండి దగ్గర ఒడియా మొదలుపెడితే మూతి ఇంకో రకంగా మారుతుంది. ఒడియాలో అ-కారం ఒ వైపు మొగ్గుతుంది, జగన్నాథుడు ‘జొగొన్నాథొ’ అవుతాడు, పెదవులు ఎక్కువసేపు గుండ్రంగా ఉంటాయి. మా సరిహద్దు ఊళ్ళలో రెండు భాషలూ మాట్లాడే పాత్రని చేసేవాళ్ళు భాషకొకటి చొప్పున నోటి ఆకారాల పెట్టెలు రెండు దగ్గర పెట్టుకోవాలి.

ఈ పద్ధతిలోనే నేను పెద్ద తప్పు చేశాను. షీటులో డైలాగు రాసుకునేటప్పుడు చెయ్యి అలవాటుగా “ఏమీ లేదు” అని రాసేసింది, బళ్ళో నేర్చుకున్న తెలుగు. షీటు చూసి మ-కారానికి పెదవులు మూశాను. ఆరు రోజుల పని అయ్యాక మా చెల్లికి శబ్దం తీసేసి చూపించాను. “ఇక్కడ మామ్మ ‘అమ్మ’ అంటోందేటి?” అంది. మామ్మ అన్నది “ఏటీ నేదు.” అందులో పెదవులు ఒక్కసారి కూడా కలవవు. మొత్తం డైలాగులో పెదవులు కలిసేవి నాలుగే చోట్ల: బాగున్నాన్రాలో ఒకటి, బాబూలో రెండు, బేగలో ఒకటి. ఐదోది నేను రాతలోంచి తెచ్చిపెట్టినది. మనకి దగ్గర్లోనే ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ, సవర భాష నేర్చుకుని, జనం నోట ఉన్న తెలుగే రాతలోకి రావాలని గిడుగు రామమూర్తిగారు పోరాడారు. ఆయన పుట్టిన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా బళ్ళో చేసుకున్నవాళ్ళమే. అయినా నా షీటులోకి గ్రాంథికపు వాసన ఎలా దూరిందో! షీటులో విన్నదే రాయండి. నేదు అంటే నేదు అనే రాయండి.

పట్టీ పద్ధతికి ఇంకో లోటుంది. ఆ డైలాగులో విడివిడి ధ్వనులు లెక్కేస్తే ముప్ఫై. మాట నడిచేది 96 ఫ్రేములు. అంటే సగటున మూడు ఫ్రేములకో కొత్త నోరు. నడిపి చూస్తే మామ్మ నోరు గాలికి కొట్టుకునే కిటికీ రెక్కలా ఉంది. ఏ అక్షరమూ తప్పు లేదు, మాట్లాడుతున్నట్టు మాత్రం లేదు.

మూడోది ఒళ్ళు ముందు, నోరు చివర. నా ఓటు దీనికే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. మొదటి నాలుగు రోజులు నోటి జోలికే వెళ్ళలేదు. ఆడియోని పదేపదే విని, మనసు మారే చోట్లు గుర్తు పెట్టుకున్నాను. నాకు మూడు దొరికాయి: కొడుకు కోసం తెచ్చిపెట్టుకున్న హుషారు, దాచుకోవడం, బతిమాలుకోవడం. మూడింటికి మూడు భంగిమలు. మొదటిదాంట్లో వెన్ను నిటారుగా, గడ్డం పైకి. రెండోదాంట్లో భుజాలు జారి చూపు గ్లాసులోకి. మూడోదాంట్లో ఒళ్ళంతా ఫోను వైపు వంగి, అవతలి మనిషిని పట్టుకున్నట్టు. కెమెరా పెడితే మామ్మ బిగుసుకుపోయింది, ఫొటోకి కూర్చున్నట్టు కొంగు సర్దుకుంది. కాబట్టి వీడియో మానేసి, ఆమె మామూలుగా ఫోను మాట్లాడేటప్పుడు పక్కన కూర్చుని చూసి, తర్వాత అద్దం ముందు నేనే చేసి చూసుకున్నాను. తల తిప్పడానికి ముందు కళ్ళు కదలాలి, రెప్ప ఆ మధ్యలో పడాలి. “ఏటీ నేదు”కి తల చిన్నగా అడ్డంగా ఊగుతుంది, కానీ రెప్పలు మామూలు కంటే ఒక్క క్షణం ఎక్కువ మూసుకుని ఉంటాయి. అబద్ధం అక్కడ దొరికిపోతుంది.

అయిదో రోజు దవడ. గడ్డం కింద అరచెయ్యి ఆనించి ఆ మాట అని చూడండి. “బాగున్నాన్రా బాబూ”లో ఆరు అక్షరాలున్నా చెయ్యి బాగా కిందికి జరిగేది మూడుసార్లే: బా దగ్గర, న్నాన్రా దగ్గర, మళ్ళీ బా దగ్గర. ఆ మూడింటికీ దవడ తెరిచి, మిగతా చోట్ల ప్రవాహంలో వదిలేశాను. తర్వాత మూతి వెడల్పు: టీకి సాగాలి, బూకి ముడవాలి. తర్వాత పెదవులు కలిసే ఆ నాలుగు చోట్లు. నాలుక చివర్న, అదీ నేదులోని న దగ్గర మాత్రమే. అంతా కలిపి నోటికి పెట్టిన కీలు (కీ అంటే ఆకారం మార్చమని ఒక ఫ్రేములో పెట్టే గుర్తు) పదహారు, పట్టీ పద్ధతిలో సగం. నోటికి పట్టింది రెండు రోజులే, ఎందుకంటే తల, మెడ, ఊపిరి అప్పటికే మాటని మోస్తున్నాయి.

రోజుల లెక్కలో రెండోది, మూడోది సమానం, చెరి ఆరు. ఫలితం సమానం కాదు. చెల్లికి మళ్ళీ శబ్దం లేకుండా చూపిస్తే మాట పట్టుకోలేకపోయింది గానీ, “మామ్మ ఏదో దాస్తోంది” అంది. నాకు కావలసింది అదే.

అయితే ఈ పద్ధతి కూడా అందరికీ అన్నివేళలా కాదు. వార్త చదివే పాత్ర, పాఠం చెప్పే పాత్ర, కెమెరా మూతి దగ్గరికే వచ్చేసే పాట సీను, వీటిలో నోరే ముఖ్యం, అక్కడ పట్టీతో మొదలుపెట్టడమే మేలు. గడువు రేపయితే సాఫ్ట్‌వేర్‌తో చేయించి, ఉన్న కొద్ది గంటలూ కళ్ళకీ మౌనాలకీ పెట్టండి. అది రెండింటి నడుమ మంచి దారి, నా తర్వాతి పని అలాగే చేద్దామనుకుంటున్నాను. షోరీలులో, అంటే పని కోసం చూపించుకునే మన మంచి ముక్కల వీడియోలో, పెట్టుకునే ఒక్క సీను, చూసేవాళ్ళు మీ చేతిని కొలిచే సీను అయితే మాత్రం ఒళ్ళుతోనే మొదలుపెట్టండి.

ఒక్క చోట మాత్రం మూడు పద్ధతులూ నాకు దారి చూపలేదు. చివరి “రా” దగ్గర ఆడియో అయిపోతుంది, జాబితా ప్రకారం నోరు మూసెయ్యాలి, పట్టీ ప్రకారమూ అంతే. ఒళ్ళు ముందు చేసినప్పుడు నేనూ మూసేశాను. తర్వాత ఒక రోజు మామ్మ ఫోను మాట్లాడుతుంటే గమనించాను: “రా” అన్నాక నోరు మూయలేదు, అవతలి నుంచి జవాబు వస్తుందేమోనని కొంచెం తెరిచే ఉంచింది. సీను చివర ఎనిమిది ఫ్రేములు పెంచి, నోరు అలాగే ఉంచాను.