గన్నవరం నుంచే ఎగురుతుందన్న సరుకు విమానం: అడ్వాన్సు కట్టే ముందు ఇది చదవండి

మామిడి, పూలు, రొయ్యలు, ఏవైనా సరే విమానంలో బయటి దేశాలకు పంపేవారు ఈ సీజనులో అద్దె విమానంలో చోటు కోసం అడ్వాన్సు కట్టబోతుంటే ఒక్క రోజు ఆగండి. 2022 మే నెలలో నూజివీడు ప్రాంతానికి చెందిన మేము ఆరుగురం, రైతులం, వ్యాపారులం కలిసి కట్టాము. తొమ్మిది టన్నుల బంగినపల్లి కాయ పోగొట్టుకున్నాము.

మే నెలలో ప్రయాణికుల విమానాల అడుగు అరల్లో సరుకుకు చోటు దొరకడం ఎంత కష్టమో మీకు తెలుసు. సరిగ్గా ఆ సమయంలో ఒక ఏజెంటు వచ్చాడు. ఒక ప్రాంతీయ కార్గో కంపెనీ కొత్తగా అద్దె విమానాలు నడుపుతోందని, హైదరాబాద్ దాకా లారీ పెట్టే పని లేదని, గన్నవరంలోనే ఎక్కించి నేరుగా గల్ఫ్‌లో దించుతామని చెప్పాడు. అతడు ఇచ్చిన రంగుల కాగితం మీద ఆరు విమానాల బొమ్మలున్నాయి. వాటిలో కంపెనీ సొంతానివి ఎన్ని అని మాలో ఒక్కరమూ అడగలేదు. మాట్లాడుకున్న సొమ్ములో సగానికి పైగా ముందే ఇచ్చేశాము.

కోత పూర్తయి, సొన ఆరబెట్టి, గ్రేడింగ్ చేసి పెట్టెలకు ఎత్తాక ఫోను వచ్చింది. విమానం గన్నవరం రాదట, శంషాబాద్ రమ్మన్నారు. రాత్రికి రాత్రి లారీలు మాట్లాడుకుని వెళ్లాము. అక్కడ మొదటి రోజు విమానం ఆలస్యమన్నారు, రెండో రోజు మరమ్మతులన్నారు. ఆ రెండు రోజుల్లో మాకు తెలిసిందేమిటంటే, ఆ కంపెనీకి సొంత విమానం ఒక్కటి కూడా లేదు. ఒక విదేశీ సంస్థ విమానాన్ని అద్దెకు తెస్తుంది, అది ఎక్కడో పాడై నిలిచిపోయింది. విదేశీ సంస్థలు నడిపే అద్దె సరుకు విమానాలను కేంద్రం 2020 డిసెంబరులోనే బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, ముంబయి విమానాశ్రయాలకు పరిమితం చేసింది. అందులో గన్నవరం లేదు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఏజెంటు నోరు విప్పిన రోజే పట్టుకునేవాళ్లం.

మూడో రోజు మా పెట్టెలను ముక్కలు ముక్కలుగా వేరే సంస్థల ప్రయాణికుల విమానాల్లో పంపారు. చేరేసరికి కాయ ముచ్చిక దగ్గర నల్లబడింది. అక్కడి కొనుగోలుదారు సరుకు దించుకోనన్నాడు. ఏడాది పొడవునా కంటికి రెప్పలా కాసిన చెట్ల కాయ అది.

ఆ తర్వాతే నేను ఈ వ్యాపారం చరిత్ర చదివాను. ముందే చదవాల్సింది. చౌక విమానయానాన్ని మన దేశానికి తెచ్చిన కెప్టెన్ గోపీనాథ్ అంతటివాడు నాగ్‌పూర్ కేంద్రంగా ఎయిర్‌బస్ ఏ310 సరుకు విమానాలతో 2009లో డెక్కన్ 360 మొదలుపెడితే, రెండేళ్లు తిరగకుండానే 2011లో విమానాలు ఆగిపోయాయి. మన హైదరాబాద్ కేంద్రంగా పెట్టిన ఫ్లయింగ్టన్ ఫ్రెయిటర్స్ 2007లో ఎయిర్‌బస్‌కు ఏ330 సరుకు విమానాల ఆర్డరు ఇచ్చింది కానీ, ఒక్క విమానమూ నడపలేదు. 1996లో బోయింగ్ 737లతో మొదలైన బ్లూ డార్ట్ ఏవియేషన్ నిలబడిందంటే, విమానం నింపడానికి సొంత కొరియర్ పార్సెళ్లు ఉన్నాయి కాబట్టే అని నా నమ్మకం. అద్దె గిరాకీ మీదే బతికే చిన్న కంపెనీకి ఆ ఆసరా లేదు. విమానం నేల మీద ఉన్నా దాని అద్దె పెరుగుతూనే ఉంటుంది. మన అడ్వాన్సు మన ప్రయాణానికే ఖర్చవుతుందన్న భరోసా అక్కడ ఉండదు.

ఇక కాగితాల దగ్గర మేము చేసిన తప్పు చెబుతాను. విమానంలో పంపే సరుకుకు ఇచ్చే రవాణా పత్రాన్ని ఎయిర్‌వే బిల్లు అంటారు. మా చేతికి వచ్చింది ఏజెంటు సొంతంగా రాసిచ్చిన హౌస్ ఎయిర్‌వే బిల్లు మాత్రమే. విమాన సంస్థ ఇచ్చే మాస్టర్ ఎయిర్‌వే బిల్లు అడిగి తీసుకోండి. దాని మీద పదకొండు అంకెలుంటాయి. మొదటి మూడు ఏ సంస్థదో చెబుతాయి: 098 అయితే ఎయిర్ ఇండియా, 176 అయితే ఎమిరేట్స్. మిగిలిన ఎనిమిదిలో మొదటి ఏడంకెల సంఖ్యను 7తో భాగిస్తే వచ్చే శేషమే చివరి అంకె కావాలి. 1234567ను భాగిస్తే శేషం 5, కాబట్టి సంఖ్య 12345675 అయితేనే సరైనది. లెక్క కుదిరినంత మాత్రాన బుకింగు ఉన్నట్టు కాదు, ఆ సంఖ్యతో సంస్థ కార్గో కార్యాలయానికే ఫోను చేసి కనుక్కోండి. లెక్క తప్పితే మాత్రం అక్కడే ఆగిపోండి.

పరిహారం సంగతి మరీ బాధాకరం. అంతర్జాతీయ రవాణాకు వర్తించే మాంట్రియల్ ఒప్పందం ప్రకారం సరుకు దెబ్బతింటే అందుకున్న 14 రోజుల్లోపు, ఆలస్యమైతే సరుకు చేతికందిన 21 రోజుల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఏజెంటు "రేపు తేలుస్తాను, ఎల్లుండి తేలుస్తాను" అని ఫోనులోనే నెల గడిపేశాడు. మేము ఉత్తరం రాసేసరికి గడువు దాటింది. గడువులో రాసినా పరిహారానికి పరిమితి ఉంది. అప్పట్లో కిలోకు 22 ప్రత్యేక డ్రాయింగ్ హక్కులు (అంతర్జాతీయ ద్రవ్య నిధి విలువ కట్టే లెక్క ప్రమాణం), 2024 డిసెంబరు 28 నుంచి 26. సరుకు అప్పగించేటప్పుడే దాని విలువను ప్రత్యేకంగా ప్రకటించి, అడిగితే అదనపు రుసుము కడితే ఈ పరిమితి దాటి కోరవచ్చు. పైగా సరుకు స్వభావం వల్లనే పాడైందని రుజువు చేస్తే సంస్థ బాధ్యత తప్పించుకునే వీలుంది. మాకు చెప్పిన మొదటి జవాబు అదే: "మామిడి పండటం సహజం కదా."

అందుకే బయలుదేరే తేదీ, విమానాశ్రయం, విమానం నడిపే అసలు సంస్థ పేరు, ఆ విమానం రాకపోతే ఎన్ని గంటల్లో మరో విమానం ఇస్తారు, ఇవ్వకపోతే అడ్వాన్సు ఎప్పుడు వాపసు చేస్తారు అన్నవి రాసి సంతకం పెట్టమనండి. మన దేశపు అద్దె విమాన సంస్థ అయితే దేశంలో విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చిన అనుమతి పత్రం నకలు అడగండి. ఇవి అడిగితే విసుక్కునేవాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మేము పోయిన ఏడాది ఇద్దరిని ఇలాగే అడిగాము. ఒకరు మళ్లీ ఫోను చేయలేదు. రెండోవారు అడిగినవన్నీ రాసిచ్చారు, వారి ద్వారానే కాయ పంపాము.