విడి సంచికలా, బైండు సంపుటాలా? పాత దివ్యజ్ఞాన పత్రికలు కొనేవాళ్లకు ఏది మేలు

1900-1930 మధ్య దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) నడిపిన పత్రికలు, చనిపోయినవాళ్ల ఆత్మలతో మాట్లాడటం గురించి వచ్చిన పత్రికలు సేకరించేవాళ్లకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇది. అట్టలతో ఉన్న విడి సంచికలు కొనాలా, ఏడాదికో ఆరునెలలకో కలిపి కుట్టిన బైండు కొనాలా? బైండు చూడ్డానికి బాగుంటుంది, బీరువాలో నిలబడుతుంది కాబట్టి చాలామంది అటే మొగ్గుతారు. నేను మాత్రం పత్రికను బట్టి చెప్తాను.

'ది థియోసఫిస్ట్' అయితే బైండే తీసుకోండి. 1879 అక్టోబరులో బొంబాయిలో మొదలై, తర్వాత మద్రాసు అడయారుకు మారిన మాసపత్రిక ఇది. 1907లో సమాజ స్థాపకుల్లో ఒకరైన ఆల్కాట్ పోయాక అనీబిసెంట్ సంపాదకురాలయ్యారు. ఇందులో సత్తా అంతా ధారావాహికల్లోనే ఉంది. 'ఆల్కియోనీ' పూర్వజన్మల కథనాలు 1910లో మొదలై నెలనెలా వచ్చాయి. ఆల్కియోనీ అంటే మరెవరో కాదు, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తే. అప్పటికి ఆయనకు పద్నాలుగు, పదిహేనేళ్లు. లోకగురువు అవుతాడని ఆ తెలుగు పిల్లవాడి మీద సమాజం వాళ్లు ఎంత పెద్ద ఆశ పెట్టుకున్నారో తెలియాలంటే ఆ కథనాలు వరుసగా చదవాలి. మధ్యలో రెండు నెలలు లేకపోతే ఏమీ అందదు.

కొనేముందు ఒకటి అడగండి. ఈ పత్రిక సంపుటం అక్టోబరులో మొదలై సెప్టెంబరులో ముగుస్తుంది. 31వ సంపుటం అంటే 1909 అక్టోబరు నుంచి 1910 సెప్టెంబరు దాకా. '1910 సంపుటం' అని ఎవరైనా అమ్మితే ఏ నెల నుంచి ఏ నెల దాకానో కనుక్కోకుండా డబ్బు కట్టొద్దు.

1905లో రాల్ఫ్ షిర్లీ లండన్‌లో మొదలుపెట్టిన నిగూఢ విద్యల మాసపత్రిక 'అకల్ట్ రివ్యూ' విషయంలో నా ఓటు విడి సంచికలకే. ఇందులో చాలా వ్యాసాలు ఏ నెలకా నెల పూర్తయిపోతాయి, కాబట్టి ఒక్క సంచిక దొరికినా చదువుకోవచ్చు. అసలు కారణం వేరే ఉంది. ఆ రోజుల్లో బైండు చేసేవాళ్లు అట్టలూ ప్రకటనల పేజీలూ చాలావరకు పీకేసేవాళ్లు. జాతకాలు రాసేవాళ్లు, స్ఫటిక గోళాలు అమ్మేవాళ్లు, పుస్తకాల షాపులు, వాళ్ల అడ్రసులు, ధరలు అన్నీ అక్కడే ఉండేవి. వ్యాసాలు తర్వాత పుస్తకాలుగా రావచ్చు. ఆ ప్రకటనలు మళ్లీ ఎవరూ అచ్చు వేయరు.

1881 నుంచి లండన్‌లో వచ్చిన వారపత్రిక 'లైట్' బైండులోనే నయం. ఏడాదికి యాభైకి పైగా విడి సంచికలను ఇంట్లో కాపాడటం కష్టం. శిశిర్ కుమార్ ఘోష్ 1906లో కలకత్తాలో మొదలుపెట్టిన 'హిందూ స్పిరిచ్యువల్ మ్యాగజైన్' కనబడితే మాత్రం విడిదా బైండుదా అని చూడకండి, తీసేసుకోండి.

మన కోస్తా ఉక్కపోతలో రెండింటికీ టెన్షనే. విడి సంచికల పిన్నులు తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. బైండు జిగురుకు వెండిచేప పురుగులు వస్తాయి. విడివాటిని ఆమ్లం లేని అట్టపెట్టెలో పడుకోబెట్టండి, బైండ్లను గోడకు ఆనకుండా స్టీలు బీరువాలో నిలబెట్టండి. చిరిగిన చోట సెల్లోటేపు వేయొద్దు, లామినేషన్ అసలే వద్దు.

చదువుకోవడానికైతే ఐఏపీఎస్ఓపీ (IAPSOP) అనే సంస్థ ఇలాంటి పత్రికల స్కాన్లు ఉచితంగా ఇస్తోంది. కొనబోయే సంచికలో పేజీలన్నీ ఉన్నాయో లేదో దాంతో పోల్చి చూసుకోవచ్చు. కానీ బైండుల నుంచి తీసిన స్కాన్లలో అట్టలు, ప్రకటనలు చాలాసార్లు ఉండవు. అందుకే అట్టతో ఉన్న విడి సంచిక చేతికొస్తే బైండింగుకు ఇవ్వకండి. పై అట్ట నుంచి చివరి ప్రకటన దాకా స్కాన్ చేసి, అవి లేని ఆర్కైవుకు పంపండి.