రెల్లు కొండ, బంగారు గని, మధ్యలో అమ్మ మోకాళ్లు

దక్షిణ కొరియాలోని సువాన్‌లో ఉద్యోగానికి వచ్చి నాలుగేళ్లయినా నేను చూసిన కొరియా అంటే సియోల్, బూసాన్, జెజు. 2023 అక్టోబరులో తెనాలి నుంచి అమ్మ వచ్చినప్పుడు, "మళ్లీ ఆ అద్దాల మేడలేనారా?" అంది. దాంతో గాంగ్‌వన్ ప్రాంతంలోని జంగ్‌సన్ జిల్లాకి కారు అద్దెకు తీసుకున్నాను. ఒకప్పుడు బొగ్గు తవ్విన జిల్లా, ఇప్పుడు కొండలు చూపించి బతుకుతోంది.

వెళ్లే తేదీని సంతను బట్టి పెట్టుకున్నాం. జంగ్‌సన్ ఊళ్లో 2, 7తో ముగిసే తేదీల్లో సంత. ఆ నెల 7 శనివారం పడింది, సోమవారం హంగుల్ దినం (కొరియన్ లిపి పండుగ) సెలవు. ఇంత మంచి కుదురు నాకే కాదు, సగం సియోల్‌కి కూడా కనిపించిందని హైవే మీద తెలిసింది. తెల్లవారి ఐదింటికే బయల్దేరాం కాబట్టి సరిపోయింది. ఇక్కడ గూగుల్ మ్యాప్ దారి సరిగ్గా చెప్పదు, నేవర్ మ్యాప్ పెట్టుకోండి. సియోల్ చాంగ్‌న్యాంగ్‌ని స్టేషన్ నుంచి మిన్‌డుంగ్‌సాన్ దాకా రైల్లోనూ రావచ్చు. కానీ చూడాల్సినవన్నీ చెల్లాచెదురుగా ఉంటాయి, పల్లె బస్సులు తక్కువ. పెద్దవాళ్లతో అయితే కారే మేలు.

ఈ ప్రయాణం మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చింది సంతే. ఎండబెట్టిన కొండ ఆకుకూరలు, దుంపలు, పుట్టగొడుగులు రాశులు పోసి అమ్ముతున్నారు, అమ్మేవాళ్లలో చాలామంది డెబ్బై దాటిన అవ్వలు. అమ్మకి కొరియన్ రాదు, వాళ్లకి తెలుగు రాదు. అయినా వేళ్లు చూపించుకుంటూ పావుగంట బేరం సాగింది. ఇక్కడ గొండ్రె అనే ఆకు ప్రసిద్ధి. కొండల్లో పెరిగే ముళ్ల జాతి మొక్క, తిండికి కరువున్న రోజుల్లో పిడికెడు గింజలకి ఈ ఆకు కలిపి కడుపు నింపుకునేవారట. ఇప్పుడు అదే జిల్లా స్పెషల్: ఆకు వేసి వండిన అన్నంలో సోయా సాస్ కలుపుకుని తినాలి. మాంసం ఉండదు కాబట్టి అమ్మకి బతుకుతెరువు దొరికింది. కాకపోతే పక్కన ఇచ్చే పులుసుని ఎండు చేపల నీళ్లతో కాస్తారు, కిమ్చీలో రొయ్యల ఉప్పు ఉంటుంది. శాకాహారులు అవి పక్కన పెట్టేయాల్సిందే. అమ్మ సంచిలోంచి కారప్పొడి తీసింది, నేను చూడనట్టు ఊరుకున్నాను.

జొన్నపిండి అట్టులో తీపి గింజల ముద్ద పెట్టి మడిచే సుసు బుక్కుమి అయితే మన బొబ్బట్టుకి దూరపు చుట్టమే. మొక్కజొన్న జావని చిల్లుల గిన్నెలోంచి చన్నీళ్లలోకి జార్చి చేసే నూడుల్స్‌కి 'తోకకప్ప నూడుల్స్' అని పేరు. పేరు చెప్పకుండా పెట్టాను. మెత్తగా జారిపోతాయి, రుచి మాత్రం పెద్దగా లేదు.

మధ్యాహ్నం బ్యోంగ్‌బాంగ్‌చి గాజు వంతెన ఎక్కాం. 583 మీటర్ల ఎత్తున, చెప్పుల మీద తొడుగులు వేసుకుని గాజు మీద నిలబడితే కింద నది మెలిక తిరిగి, కొరియా పటంలాంటి ఆకారం కనిపిస్తుంది. అందం నిజమే, కానీ మా వంతు రావడానికి పట్టిన సమయంలో నాలుగోవంతు కూడా గాజు మీద లేము. నేనైతే మళ్లీ వెళ్లను. అదే సమయం గారివాంగ్‌సాన్ కేబుల్ కారుకి ఇవ్వొచ్చు. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో మంచు వాలు మీద జారే స్కీ పోటీల కోసం ఈ కొండ మీది పాత అడవిని నరికారు. ఆటలయ్యాక అడవిని తిరిగి పెంచుతామన్న మాట మీద చాలా గొడవ నడిచి, చివరికి 2023 జనవరిలో కేబుల్ కారు జనానికి తెరిచారు. మూడున్నర కిలోమీటర్లు, ఇరవై నిమిషాలు, పైన చెక్క బాట, మోకాళ్లకి శ్రమ లేదు. దిగేటప్పుడు కాళ్ల కింద నరికిన చోటు బట్టతలలా కనిపిస్తుంది, అది చూస్తే సంతోషం కొంచెం తగ్గుతుంది.

ఆ రాత్రి నది ఒడ్డున ఒక పెన్షన్‌లో దిగాం. పెన్షన్ అంటే ఇక్కడ అద్దెకిచ్చే విడిది ఇల్లు. ఫోటోలో నది కిటికీలోంచి కనబడింది, నిజానికి కార్ల షెడ్డు వెనక ఉంది. మంచం లేదు, నేల మీద పరుపు. బొగ్గుల కుంపటి వాడుకుంటే అదనపు డబ్బులని వచ్చాక చెప్పారు. నేను గొణుగుతుంటే అమ్మ మాత్రం కింద నుంచి వెచ్చబడే ఆ నేల మీద వెల్లకిలా పడుకుని, "మోకాళ్లకి కాపడం పెట్టినట్టుందిరా" అంది. కాబట్టి ఆ ఇంటికి ఎన్ని మార్కులు వేయాలో ఇప్పటికీ తేలలేదు.

ఆదివారం రైల్ బైక్. గుజోల్‌ని స్టేషన్ నుంచి ఔరాజి దాకా పాత పట్టాల మీద 7.2 కిలోమీటర్లు తొక్కాలి, ఎక్కువ పల్లమే. తిరుగు ప్రయాణానికి చిన్న రైలు ఉంటుంది. వారాంతం టికెట్లు ముందే అయిపోతాయి, ఆన్‌లైన్లో తీసుకోండి. సొరంగాల్లో చలి, స్వెట్టర్ తప్పనిసరి. అమ్మ పెడల్ మీద కాలు పెట్టి తొక్కినట్టు నటించింది. ఔరాజి దగ్గర రెండు వాగులు కలుస్తాయి. ఇక్కడి నుంచే వెనకటి రోజుల్లో దుంగల తెప్పలు రాజధానికి నదిలో వెళ్లేవి. వరద వల్ల చెరో ఒడ్డున చిక్కుకున్న ప్రేమికుల కథతో జంగ్‌సన్ ఆరిరాంగ్ అనే జానపద పాట ఇక్కడిదే అంటారు, ఒడ్డున ఆ అమ్మాయి బొమ్మ ఉంది.

తర్వాత హ్వాఆమ్ గుహలో నా తప్పు ఒకటి జరిగింది. 1922 నుంచి 1945 దాకా బంగారం తవ్విన గని ఇది, లోపల సున్నపురాతి గుహ కూడా కలిసి ఉంది. పై ద్వారం దాకా మోనోరైలు ఉందని చదివి, ఇంకేం అనుకున్నాను. లోపల బాట 1,803 మీటర్లు, మధ్యలో నిటారుగా కిందికి వందల మెట్లు. సగంలో వెనక్కి తిరగడమంటే అదే మెట్లు ఎక్కడం. అమ్మ రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది, సుమారు గంటన్నర పట్టింది, నాకు ఒకటే టెన్షన్. అడుగున రాతి స్తంభాలున్న పెద్ద హాలు అద్భుతం. కానీ మోకాళ్ల నొప్పులున్న వాళ్లని తీసుకెళ్లకండి.

రెండో రాత్రి జిల్లాకి దక్షిణాన గోహన్‌లో. దారిలో సాబుక్ తగిలింది. కొరియన్లు తమ దేశంలో జూదం ఆడగలిగే ఒకే ఒక్క కాసినో ఇక్కడి కొండ మీద ఉంది, గనులు మూతబడ్డాక జిల్లాని నిలబెట్టడానికి 2000లో తెరిచారు. ఊళ్లో వరసగా తాకట్టు దుకాణాల బోర్డులు చూస్తే ఎవరు నిలబడ్డారో, ఎవరు పడిపోయారో అర్థమవుతుంది. గోహన్‌లో మాత్రం గని కార్మికులుండిన ఒక సందు మొత్తాన్ని 'మాఉల్ హోటల్ 18'గా మార్చుకున్నారు: గదులు ఒక ఇంట్లో, భోజనం ఎదురు హోటల్లో, కాఫీ ఇంకో చోట, గుమ్మాల ముందు పూలకుండీలు. చిన్న గది, మంచం ఉంది, శుభ్రంగా ఉంది. మొదటి రాత్రి కూడా ఇక్కడే ఉండాల్సింది.

సోమవారం తెల్లవారుజామున అమ్మని పడుకోనిచ్చి నేనొక్కడినే మిన్‌డుంగ్‌సాన్ ఎక్కాను. 1,119 మీటర్లు. పేరుకి అర్థం 'బోడి కొండ', పైన చెట్లు లేవు, అంతా రెల్లు. ఎండ పడగానే కొండ మొత్తం తెల్లగా ఊగింది. కృష్ణ లంకల్లో చూసిందే అయినా ఇంత ఎత్తున చూడలేదు. వీడియో కాల్ చేస్తే అమ్మ, "రెల్లు చూడ్డానికి అంత దూరం ఎక్కావా?" అంది.

దిగొచ్చాక జంగామ్‌సా గుడికి తీసుకెళ్లాను. ప్రధాన మందిరంలో బుద్ధుడి విగ్రహం ఉండదు. "దేవుడేడిరా?" అని అడిగింది. బుద్ధుడి ధాతువులు, అంటే అవశేషాలు, వెనక కొండవాలు మీదున్న ఏడంతస్తుల రాతి గోపురంలో ఉన్నాయని, అందుకే విగ్రహం పెట్టరని చెప్పాను. గోపురం దగ్గరికి మళ్లీ మెట్లు. కింద నుంచే దణ్ణం పెట్టుకుంది.

సంతలో కొన్న ఎండు గొండ్రెని సువాన్‌లో రాత్రంతా నానబెట్టి కందిపప్పులో వేసింది. "తోటకూరంత రుచి లేదు, మునగాకంత చేదు లేదు," అని ఇంకో గరిటె వడ్డించుకుంది. మిగిలిన రెండు కట్టలూ తెనాలి పెట్టెలో సర్దేసింది.