ఆస్ట్రేలియా ఉత్తరాన 14 రోజులు: మొసళ్లు, జెల్లీ చేపలు, అద్దె కారు షరతులు

ఆస్ట్రేలియా వెళ్తున్నామని చెప్పగానే మా చెల్లెలు ఫోనులో అన్న మొదటి మాట, "అన్నయ్యా, అక్కడ బూట్లు దులపకుండా కాలు పెట్టకండి, వదినకు కూడా చెప్పు" అని. ఏలూరు దగ్గర మా పొలం గట్ల మీద చీకటి పడ్డాక టార్చి కూడా లేకుండా నడిచే మనిషి నోట ఈ జాగ్రత్త వినడం నాకు వింతగా తోచింది. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా కట్టింది. ఆ భారం ఎక్కువగా మోసిన రాష్ట్రాల్లో మన తెలుగు నేల కూడా ఉంది. ప్రపంచంలోకెల్లా విషం ఎక్కువైన పాములున్నాయని పేరుపడ్డ ఆస్ట్రేలియాలో పాముకాటుతో చనిపోయేవారు ఏడాదికి సగటున ఇద్దరు ముగ్గురు మాత్రమే. ఈ లెక్క చెప్పినా చెల్లెలు ఒప్పుకోలేదు. ఒక క్రేప్ బ్యాండేజీ చుట్ట కొని, బలవంతంగా నా సంచిలో పెట్టించింది.

ఆ బ్యాండేజీ నిజానికి పనికిమాలినదేమీ కాదు. కాటు పడిన చేతికో కాలికో మొదలంటా గట్టిగా పట్టీ చుట్టి, కదలకుండా బద్ద కట్టి ఆసుపత్రికి చేర్చే పద్ధతిని 1970ల చివర్లో స్ట్రువన్ సదర్లాండ్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు రూపొందించాడు. నరాల మీద పనిచేసే విషానికి అది సరిపోతుంది. రక్తపింజర వంటి పాము కరిచిన చోట కండ కుళ్లిపోతుంది కాబట్టి ఆ కాటుకు ఈ పట్టీ కట్టకూడదంటారు.

పాముల కంటే మా ప్రణాళికను ఎక్కువగా నడిపించింది క్యాలెండరు. మేము చూడాలనుకున్నవి ఉత్తర భాగంలోని డార్విన్ నగరం, కాకడు జాతీయ వనం, కెయిర్న్స్ ఊరు, డైన్‌ట్రీ అడవి. కెయిర్న్స్ తీరంలో నవంబరు నుంచి మే వరకు, డార్విన్ తీరంలో అక్టోబరు నుంచి మే వరకు పెట్టె ఆకారపు జెల్లీ చేపల కాలం. ఆ నెలల్లో వల కట్టిన చోట తప్ప సముద్రంలో దిగవద్దని చెబుతారు. దాని వెంట వానకాలం కూడా ఉంటుంది కాబట్టి కాకడులో సగం దారులు నీట మునుగుతాయి. ఉప్పునీటి మొసళ్లు వరద నీటితో పాటు కొత్త చోట్లకు పాకుతాయి. మా అమ్మాయికి కాలేజీ సెలవులు డిసెంబరులో దొరికేవి. ఆ సెలవులు వదులుకుని, ఆమె చేత పది రోజులు సెలవు పెట్టించి ఆగస్టులో వెళ్లాం. ఈ ఒక్క నిర్ణయం మీదే యాత్ర అంతా నిలబడింది. డిసెంబరులో మాత్రమే వెళ్లగలిగినవారు ఉత్తరం జోలికి పోకుండా మెల్‌బోర్న్, టాస్మేనియా చూసుకుని రావడమే మంచిదని నా అభిప్రాయం.

వీసా పని అనుకున్నదానికంటే నెమ్మదిగా సాగింది. దరఖాస్తు మొత్తం ఆన్‌లైన్‌లోనే. వేలిముద్రలకు మాత్రం హైదరాబాద్ వెళ్లాం. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా డార్విన్ చేరే దారి మాకు అన్నిటికంటే అనుకూలంగా కుదిరింది. చాలామంది చేసినట్టు ముందు సిడ్నీలో దిగి మళ్లీ ఉత్తరానికి ఎగిరితే, ఒక పగలంతా, దానితో పాటు మరో మూడు టికెట్ల డబ్బూ పోయేవి. బీమా విషయంలో ఒక మాట. సందర్శకులకు అక్కడ వైద్యం సొంత ఖర్చే, అడవి నడుమ నుంచి విమానంలో ఆసుపత్రికి తరలించాల్సి వస్తే ఆ బిల్లు తట్టుకోలేం. అందువల్ల పాలసీలో అత్యవసర తరలింపు ఉందో లేదో, నా రక్తపోటు సంగతి నమోదైందో లేదో రెండుసార్లు చదివి చూసుకున్నాను.

విమానంలో ఇచ్చే పాసింజర్ కార్డు మీద తినుబండారాల ప్రశ్న దగ్గర మా ఆవిడ కాసేపు తటపటాయించింది. "ఏమండీ, పచ్చడి అని రాస్తే లాగేసుకుంటారేమో" అంది. ఉన్నదంతా రాసేయమన్నాను. డార్విన్‌లో అధికారి సంచి విప్పించి, కంపెనీ సీలు ఉన్న ఆవకాయ ప్యాకెట్లను తిప్పి చూసి తిరిగి ఇచ్చేశాడు. పాలకోవా పొట్లాన్నీ, ఎక్కడో అడుగున నేను మరచిపోయిన కరివేపాకు రెబ్బలనూ డబ్బాలో పడేశాడు. రాసి చూపించినందువల్ల జరిమానా మాట రాలేదు. దాచితే జరిమానాతో పోదు, వీసాను రద్దు చేసే అధికారం కూడా వారికి ఉంది.

డార్విన్‌కు ఒక పూట చాలు. ఆ పూటను ఉత్తర ప్రాంత మ్యూజియంలో గడపమని చెబుతాను. అక్కడ స్వీట్‌హార్ట్ అనే చచ్చిన మొసలిని భద్రపరిచి ఉంచారు, పొడవు 5.1 మీటర్లు. 1970లలో చేపలు పట్టేవారి పడవల మోటార్లను కొరికి పీకేసిన ఆ జంతువును 1979లో పట్టుకుంటుండగా నీట మునిగి చచ్చిపోయింది. దాని దవడ పక్కన నిలబడి చూశాక, మర్నాడు నది ఒడ్డున బోర్డు మీద "ఒడ్డుకు దగ్గరగా నిలబడవద్దు" అన్న మాట చదివితే మనసు వాదించదు. ఆ ప్రాంతంలో 1971లో వేటను నిషేధించేనాటికి కొన్ని వేలకు పడిపోయిన ఉప్పునీటి మొసళ్లు ఇప్పుడు లక్ష వరకు ఉన్నాయంటారు. స్థానికులు వాటిని సాల్టీలని ముద్దుగా పిలుస్తారు. ముద్దు పేరు ఎలా ఉన్నా నీళ్ల దగ్గర మాత్రం ఎవరూ చనువు తీసుకోరు.

మాకు తగిలిన అసలు దెబ్బ కారు దగ్గర. అద్దె కంపెనీ కౌంటరులో సంతకం చేసేటప్పుడు గాని తెలియలేదు, రోజుకు 100 కిలోమీటర్లు దాటితే ప్రతి కిలోమీటరుకూ అదనంగా కట్టాలని. డార్విన్ నుంచి కాకడులోని జబీరు ఊరే దాదాపు 250 కిలోమీటర్లు. బుక్ చేసిన వెబ్‌సైట్‌లో ఈ ముక్క ఏ మూలో ఉండే ఉంటుంది. ధర మాత్రం పెద్ద అక్షరాల్లో కనిపించింది. దానికంటే ముఖ్యమైనది ఇంకొక షరతు. ఊరి హద్దు దాటాక సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం వరకు బండి నడిపితే, ఏ కంగారూయో అడవి దున్నో ఢీకొన్నప్పుడు బీమా వర్తించదు. మట్టి రోడ్ల మీద పోకూడదనేది మూడో షరతు. దానితో జిమ్ జిమ్ జలపాతం మా జాబితా నుంచి అక్కడికక్కడే పోయింది. ఆ దారి చివర నాలుగు చక్రాలూ తిరిగే బండి తప్ప సాగదు.

చీకటి షరతును కాకడు పటం మీద పెట్టి చూస్తే బస ఎక్కడో దానంతటదే తేలుతుంది, కాని నేను గదులు బుక్ చేశాకే ఆ పని చేశాను. కాకడు జాతీయ వనం దాదాపు 20 వేల చదరపు కిలోమీటర్లు. బసకు ముఖ్యంగా రెండు చోట్లున్నాయి. జబీరులో మొసలి ఆకారంలో కట్టిన హోటల్ ఉంది. ఆ ఆకారం ఆకాశం నుంచే పూర్తిగా కనిపిస్తుంది, నేల మీద మనకు దక్కేది నోరు తెరిచిన ద్వారం మాత్రమే. ఊళ్లో కిరాణా దుకాణం, పెట్రోలు బంకు ఉండడం దాని గొప్ప సౌకర్యం. శాకాహారి అయిన మా ఆవిడకు అక్కడి దుకాణంలో బియ్యం, పెరుగు దొరకడంతో ప్రాణం లేచి వచ్చింది. రెండోది కూయిండా, జబీరుకు 50 కిలోమీటర్లకు పైగా దూరం, ఎల్లో వాటర్ అనే చిత్తడి పక్కనే. అక్కడ పడవ షికారుకు తెల్లవారుజాము వేళే మేలు. జబీరులో పడుకుంటే ఆ పడవ అందుకోవడానికి చీకట్లో బయలుదేరాల్సిందే. కాబట్టి రెండు రాత్రులూ జబీరులోనే ఉండాలనుకున్న మేము, రెండో రాత్రిని కూయిండాకు మార్చుకుని, రద్దు రుసుం కొంత పోగొట్టుకున్నాం. గదులు చిన్నవి, ధర పెద్దది. అయినా ఆ మార్పుకు నేను చింతించలేదు.

పొద్దు పొడిచే వేళ ఎల్లో వాటర్ అచ్చం మా కొల్లేరులాగే ఉంది. అదే తామర, అదే బురద వాసన, నీటి మీద అదే పల్చటి ఆవిరి, కొంగల బారు. పడవ నడిపే ఆమె ఇంజను ఆపి, కుడి పక్క తామరాకుల మధ్యకు వేలు చూపించింది. నాకు ముందు ఏమీ కనబడలేదు. ఒక ఆకు అంచు కింద తడి మట్టి ముద్ద లాంటిదేదో ఉంది. దాని మీద పసుపు రంగు గోళీ ఒకటి తెరుచుకుంది. కంటిపాప నిట్టనిలువు గీతలా ఉంది. ఆ కంటికీ నా మోచేతికీ మధ్య రెండు గజాలకు మించి లేదు. మా అమ్మాయి పడవ అంచు మీద పెట్టిన చేతిని, ఎవరూ చెప్పకుండానే మెల్లగా ఒళ్లోకి తీసుకుంది. తర్వాత మొసలి చప్పుడు లేకుండా కిందికి దిగిపోయింది. తామరాకు మీది నీటిబొట్టు కూడా దొర్లలేదు.

డార్విన్ దారిలో అడిలైడ్ నది దగ్గర కర్రకు మాంసం కట్టి మొసళ్లను నీటిలోంచి ఎగిరించే పడవలు కూడా ఉన్నాయి. పిల్లలతో, సమయం తక్కువగా ఉన్నవారికి అవి సరిపోతాయి, ధర కూడా తక్కువే. నా మటుకు నాకు అది సర్కసు చూసినట్టుంది. ఒక్కదానికే డబ్బుంటే ఎల్లో వాటర్‌కే పెట్టండి.

కాకడులోనే ఉన్న ఉబిర్‌లోని రాతి చిత్రాలకు సాయంత్రం వెళ్లాలని అందరూ చెబుతారు. ఎందుకంటే గుట్ట మీద నుంచి సూర్యాస్తమయం చూడవచ్చు. కాని జబీరుకు 40 కిలోమీటర్ల వెనుదిరుగు ప్రయాణం చీకట్లో పడుతుంది. మేము మధ్యాహ్నమే వెళ్లి, ఎముకలు కనిపించేలా గీసిన చేపలను, ఆ నేల మీద రెండు వేల ఏళ్లకు ముందే అంతరించిన టాస్మేనియా పులి బొమ్మను తీరిగ్గా చూసి, ఎండ ఉండగానే తిరిగి వచ్చేశాం. అక్కడికి దగ్గర్లోనే కాహిల్స్ క్రాసింగ్. నది మీదుగా పోయే ఆ సిమెంటు దారి మీద ఆటుపోట్లకు నీరు ఎక్కి దిగుతుంటుంది, చేపల కోసం మొసళ్లు బారులు తీరతాయి. 1987లో ఒకరు, 2017లో మరొకరు అక్కడ మొసలి వాత పడ్డారు. వంతెన కాదది, మన కాజ్‌వే లాంటిది. ఒడ్డున కట్టిన వేదిక మీద నుంచి చూడడమే మన పని.

కెయిర్న్స్‌కు విమానంలో రెండున్నర గంటలు. బసకు కెయిర్న్సా, గంట దూరంలోని పోర్ట్ డగ్లసా అన్న ప్రశ్నకు, కారు లేనివారికి కెయిర్న్స్, ఉన్నవారికి పోర్ట్ డగ్లస్ అని చెబుతాను. కెయిర్న్స్ ఊరి ముందు సముద్రం బురద మేట, మొసళ్ల బోర్డులతో నిండి ఉంటుంది. అందుకే ఒడ్డునే పెద్ద ఈత కొలను కట్టి ఉచితంగా వదిలిపెట్టారు. పగడాల దిబ్బల పడవలు ఉదయం 8 గంటల ప్రాంతంలో బయలుదేరి సాయంత్రానికి తిరిగొస్తాయి. ఆగస్టులో జెల్లీ చేపల బెడద లేకపోయినా గాలి విపరీతం. మా పడవలో సగం మంది కాగితపు సంచులు పట్టుకుని కూర్చున్నారు. వాంతి మాత్రను పడవ ఎక్కిన తర్వాత వేసుకుంటే లాభం లేదు, గంట ముందు వేసుకోవాలి. పెద్ద పడవలో అద్దపు అడుగు దోనెలు, శాకాహార భోజనం ఉంటాయి. ఈత వచ్చినవారికి చిన్న పడవ నయం, జనం తక్కువ.

డైన్‌ట్రీ నదిని తాడు లాగే పంటు మీద కారుతో సహా దాటాక ఫోనులో సిగ్నల్ పోతుంది. అందువల్ల పటాన్ని ముందే దింపుకోవాలి. అక్కడ కాసోవరీ అనే పక్షి ఉంటుంది, మనిషంత ఎత్తు, లోపలి వేలికి బాకు లాంటి గోరు. ఎదురైతే పరుగెత్తకుండా, సంచిని అడ్డం పెట్టుకుని వెనక్కి జరగమని బోర్డులు చెబుతాయి. మాకు ఒకటి రోడ్డు దాటుతూ కనిపించింది, వెనుక రెండు చారల పిల్లలు. పిల్లలను సాకేది తండ్రేనని తెలిశాక మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. ఆ అడవిలో నేను నిజంగా భయపడింది ఒక చెట్టుకు. గింపీ గింపీ అనే ఆ మొక్క ఆకు తగిలితే గాజు సూదుల్లాంటి నూగు చర్మంలో దిగి, నెలల తరబడి మంట పెడుతుందట. మన దూలగొండి దాని ముందు చిన్నపిల్ల. చెక్క బాట దిగకుండా నడిచాం.

సిడ్నీ గురించి ఎక్కువ రాయను. బొండై తీరంలో ఎరుపు పసుపు జెండాల మధ్యే ఈదమని రక్షకులు ఈల వేస్తూనే ఉంటారు. సొరచేపల కంటే లోపలికి లాగే నీటి పాయలు ఎక్కువ ప్రాణాలు తీస్తాయి అక్కడ. 1981లో విరుగుడు వచ్చాక అక్కడి పేరుమోసిన ఫనెల్ వెబ్ సాలీడు కాటుతో ఎవరూ చనిపోలేదు. ఆదివారం హెలెన్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే క్యాంటీను వరుసలో ముందూ వెనుకా తెలుగు మాటలే వినిపించాయి. కాకడు గురించి అడిగితే, పదేళ్లుగా ఉంటున్నవారు కూడా ఇంకా వెళ్లలేదన్నారు.

మళ్లీ వెళ్తే సిడ్నీకి ఇచ్చిన నాలుగు రోజుల్లో ఒకటి తీసి కాకడుకు కలుపుతాను. మొదటి రాత్రి జబీరు, తర్వాతి రెండు కూయిండా. కిలోమీటర్ల పరిమితి లేని బండిని, ధర ఎక్కువైనా, ముందే మాట్లాడుకుంటాను. ఉబిర్ సూర్యాస్తమయానికి జబీరు నుంచి బస్సులో తీసుకెళ్లేవారిని పట్టుకుంటాను, చీకటి షరతు వారి తలనొప్పి అవుతుంది.